కొండచరియపై గూడు: పొడవుముక్కు రాబందు ప్రత్యుత్పత్తి జీవనం – ఒక పరిశీలన

సారాంశం

తెలుగు సాహిత్యంలో రాబందుకు ఉన్న స్థానం ఉన్నతమైనది. నేటి వాడుకలో దాని పేరు నిందావాచకంగా మారింది. ఈ రెండింటికీ నడుమ ఆ పక్షి నిజజీవితాన్ని గురించి తెలుగులో జరిగిన చర్చ చాలా తక్కువ. దక్కను పీఠభూమిలోని నిట్టనిలువు కొండచరియలపై గూడు కట్టుకునే పొడవుముక్కు రాబందు గూడు, గుడ్డు, పొదుగుదల, పిల్ల పెంపకం అనే దశలను ఈ వ్యాసం వివరిస్తుంది. తెలంగాణలోని పాలరాపు గుట్టను ప్రధాన ఉదాహరణగా స్వీకరిస్తుంది. ఏడాదికి ఒకే గుడ్డు పెట్టే జీవనవిధానం వేల ఏళ్లు ఈ జాతిని ఎలా నిలిపిందో, అదే విధానం ఒక పశువైద్యపు మందు ముందు ఎందుకు నిలవలేకపోయిందో విశ్లేషిస్తుంది. కడప జిల్లాలోని గండి ప్రాంతాల భౌగోళిక స్వరూపాన్ని ఈ వెలుగులో చూడవలసిన అవసరాన్ని సూచిస్తుంది.

కీలక పదాలు: రాబందు, గృధ్రము, కొండచరియ, పాలరాపు గుట్ట, పొదుగుదల, డైక్లోఫెనాక్, గండి, పక్షినామాలు.

1. ఉపోద్ఘాతం

చనిపోయిన పశువును ఊరి వెలుపల పారవేస్తే కొద్దిసేపటిలోనే ఆకాశంలో చుక్కల వలె కనిపించి, గిరికీలు కొడుతూ దిగివచ్చే రాబందుల గుంపు యాభై ఏళ్లు దాటిన పల్లెవాసులకు పరిచితమైన దృశ్యం. నేటి విద్యార్థులకు అది పాఠ్యపుస్తకంలోని బొమ్మ మాత్రమే. తరగతి గదిలో జటాయువు ఘట్టాన్ని బోధించేటప్పుడు ఈ అంతరం ఉపాధ్యాయునికి స్పష్టంగా తెలుస్తుంది. కథ విద్యార్థికి అందుతుంది, పక్షి మాత్రం అందదు.

రామాయణంలో ఇద్దరు గృధ్రరాజులు కనిపిస్తారు. సీతను కాపాడబోయి రావణుని చేతిలో నేలకూలినవాడు జటాయువు. రెక్కలు కాలి కొండపై పడి ఉండి, లంకలో ఉన్న సీతను అల్లంత దూరం నుండి చూసి వానరులకు చెప్పినవాడు అతని అన్న సంపాతి. అనంతపురం సీమలోని లేపాక్షి పేరుకు జటాయు వృత్తాంతంతో ముడిపెట్టి చెప్పే స్థలపురాణం సుప్రసిద్ధం. ఇంతటి గౌరవం పొందిన పక్షి పేరునే నేటి పత్రికాభాష అవినీతిపరులకు, భూకబ్జాదారులకు ఉపమానంగా వాడుతున్నది. రాబందు బతికి ఉన్న ప్రాణిని వేటాడి తినేది కాదు. దాదాపు పూర్తిగా కళేబరాలపైనే ఆధారపడి బతుకుతుంది. కనుక దోపిడికి దానిని ఉపమానం చేయడంలో సామాన్యధర్మం పొసగదు.

ఈ అపోహలకు సమాధానం ఆ పక్షి జీవితాన్ని, ముఖ్యంగా అది తన సంతానాన్ని పెంచే తీరును తెలుసుకోవడంలో ఉంది.

2. పేరు – జాతి నిర్ణయం

సంస్కృతంలోని ‘గృధ్ర’ శబ్దానికి మూలం ఆశించుట అనే అర్థంగల ‘గృధ్’ ధాతువు. తెలుగులో ‘రాబందు’ అనే మాట వ్యాప్తిలో ఉంది. 19వ శతాబ్దిలో నెల్లూరులో వైద్యుడుగా పనిచేసిన పక్షిశాస్త్రవేత్త థామస్ జెర్డన్ నమోదు చేసిన తెలుగు పేర్లలో ‘బోరువ’ అనే మాట కూడా కనిపిస్తుంది. చిన్నదైన తెల్లని రాబందును ఆయన ‘తెల్ల బోరువ’గా పేర్కొన్నాడు. ఒకప్పటి తెలుగువారు రాబందులన్నింటినీ ఒకే గాటన కట్టలేదని ఈ పేరు తెలుపుతుంది.

ఈ వ్యాసానికి విషయమైన పక్షి శాస్త్రీయ నామం జిప్స్ ఇండికస్. దీనిని ఇక్కడ ‘పొడవుముక్కు రాబందు’ అని వ్యవహరించడమైనది. రెక్కలు చాచినప్పుడు ఈ కొస నుండి ఆ కొసకు రెండు మీటర్లకు అటూఇటుగా ఉంటుంది. బరువు సుమారు 5.5 నుండి 6.3 కిలోలు. దేహం లేత గోధుమ వన్నె, రెక్క ఈకలు ముదురు వన్నె, మెడ దాదాపు బోడి. ఆడ, మగ పక్షులు చూపులకు ఒక్కతీరుగానే ఉంటాయి.

హిమాలయ పాదప్రాంతాల్లో ఉండే సన్నముక్కు రాబందును చాలాకాలం దీనిలోనే ఉపజాతిగా లెక్కించారు. 2001లో ఆ రెండింటినీ వేర్వేరు జాతులుగా నిరూపించారు. శరీర నిర్మాణంతోపాటు గూటి విషయంలోనూ వాటికి తేడా ఉంది. సన్నముక్కు రాబందు చెట్లపై గూడు కడుతుంది. పొడవుముక్కు రాబందు ప్రధానంగా కొండచరియలను ఆశ్రయిస్తుంది. చరియలు దొరకని రాజస్థాన్ వంటి చోట్ల మాత్రం ఇది చెట్లపైనా గూడు పెట్టినట్లు నమోదైంది. మన పల్లెల్లో ఒకప్పుడు విరివిగా కనిపించిన తెల్లవీపు రాబందు కూడా ఎత్తైన చెట్లనే ఎంచుకుంటుంది.

3. చరియ ఎందుకు?

ఆరు కిలోల పక్షికి నేల మీది నుండి పైకి లేవడం శ్రమతో కూడిన పని. కడుపునిండా తిన్న రాబందు ఎగరడానికి కొంతదూరం గెంతుతూ పరుగెత్తవలసి వస్తుంది. రెక్కలు ఆడిస్తూ దూరాలు పోవడం దానికి సాధ్యం కాదు. ఎండకు వేడెక్కిన నేల నుండి పైకి లేచే గాలి కెరటాలపై రెక్కలు చాచి తేలడమే దాని ప్రయాణ విధానం. కొండచరియను తాకిన గాలి పైకి మళ్లుతుంది. కాబట్టి చరియ అంచు నుండి రెక్కలు విప్పి జారితే చాలు, పక్షి గాలిలో ఉంటుంది. గూటికి వచ్చిపోవలసిన కాలంలో ఈ ఆదా ఎంతో విలువైనది.

రెండవ ప్రయోజనం రక్షణ. చిరుతపులి, నక్క వంటివి నిట్టనిలువు రాతిగోడపైకి చేరలేవు. పైన ముందుకు పొడుచుకువచ్చిన బండ ఎండవానల నుండి నీడనిస్తుంది. మూడవది సమూహజీవనం. ఒకే చరియలో పలు రాతి అరుగులు ఉండడం వల్ల అనేక జతలు ఇరుగుపొరుగుగా గూళ్లు పెట్టుకోగలవు. ఒక పక్షి ఆహారం దొరికిన దిక్కుకు దిగితే, దాని కదలికను చూసి మిగిలినవి అనుసరిస్తాయి. ఏళ్ల తరబడి వాడుకలో ఉన్న అరుగుల కింద రెట్టలు కారి రాతిపై సున్నం పూసినట్లు తెల్లని చారలు ఏర్పడతాయి. దూరం నుండి గూళ్ల స్థావరాన్ని గుర్తించడానికి పరిశీలకులకు ఆ చారలే ఆనవాలు.

4. పాలరాపు గుట్ట

ఈ లక్షణాలకు తెలుగునేలపై ప్రసిద్ధమైన ఉదాహరణ కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలోని పాలరాపు గుట్ట. కాగజ్‌నగర్ అటవీ డివిజన్‌లో, పెద్దవాగు ఒడ్డున, ప్రాణహిత నదికి చేరువగా ఈ గుట్ట ఉంది. ఇక్కడ పొడవుముక్కు రాబందుల స్థావరం 2013లో వెలుగులోకి వచ్చింది. ఈ ప్రాంతం నుండి రాబందులు తుడిచిపెట్టుకుపోయాయనుకున్న కాలంలో అవి గూళ్లు కట్టి పిల్లలను పెంచుతున్నట్లు తెలియడం విశేషం. అటవీశాఖ స్థానికుల సాయంతో గూళ్ల పర్యవేక్షణ చేపట్టింది. హానికర మందుల అవశేషాలు లేని పశు కళేబరాలను అందించే ఏర్పాటు చేసింది.

ఇక్కడి పరిస్థితిని గమనిస్తే మూడు అంశాలు కలిసివచ్చినట్లు తెలుస్తుంది. నిట్టనిలువు చరియ మొదటిది. స్నానానికి, దాహానికి దగ్గరలోనే నీరు రెండవది. ప్రాణహితకు ఆవలి ఒడ్డున మహారాష్ట్రలోని గడ్చిరోలి అడవులతో కలిసిన విశాల ఆహారక్షేత్రం మూడవది. గడ్చిరోలిలోనూ అక్కడి అటవీశాఖ రాబందులకు ఆహారం అందించే స్థలాలను నడిపింది. రాబందుకు రాష్ట్రాల సరిహద్దు లేదు. గూడు ఒక రాష్ట్రంలో, మేత మరొక రాష్ట్రంలో ఉండవచ్చు. అందువల్ల ఒక గుట్టను మాత్రమే కాపాడితే సరిపోదు.

పొరుగున ఉన్న కర్ణాటకలో బెంగళూరు సమీపాన రామనగరలోని రామదేవర బెట్ట ఇటువంటిదే మరో చరియ స్థావరం. 2012లో దానిని రాబందుల అభయారణ్యంగా ప్రకటించారు. దేశంలో ఈ కోవకు చెందిన మొదటి అభయారణ్యంగా దానికి గుర్తింపు ఉంది. ‘షోలే’ చలనచిత్రంలో కనిపించే బండలు ఆ రామనగర కొండలవే.

5. గూడు నుండి ఎగురుట దాకా

5.1. జతకట్టుట – గూడు

పొడవుముక్కు రాబందు సుమారు ఐదేళ్ల వయసులో ప్రత్యుత్పత్తికి సిద్ధమవుతుంది. ఒకసారి కట్టిన జత సాధారణంగా ఏళ్ల తరబడి కొనసాగుతుంది. చలికాలం మొదట్లో జంట పక్షులు దగ్గరదగ్గరగా, ఒకదాని కదలికను మరొకటి అనుసరిస్తూ చరియ ఎదుట గాలిలో తేలడం, అరుగుపై పక్కపక్కన కూర్చుని మెడ ఈకలను సవరించుకోవడం కనిపిస్తాయి.

గూడు సుమారు రెండు మూడు అడుగుల వెడల్పున్న పుల్లల వేదిక. మధ్యలో పచ్చి ఆకులు, రెమ్మలు పరుస్తాయి. పాత గూటిని ఏటా బాగుచేసి తిరిగి వాడుకోవడం పరిపాటి. పొరుగు గూటి పుల్లలను ఎత్తుకుపోవడం కూడా జిప్స్ ప్రజాతి రాబందులలో గమనించిన అలవాటే. అందుకే గూడు కట్టే కాలంలో జంటలో ఒకటి అరుగు వద్దే కాపలా ఉంటుంది.

5.2. గుడ్డు – పొదుగుదల

గుడ్లు పెట్టే కాలం ముఖ్యంగా నవంబరు నుండి జనవరి వరకు. ఒక జత ఏడాదికి ఒకే గుడ్డు పెడుతుంది. గుడ్డు తెల్లగా, అరుదుగా ఎర్రగోధుమ మచ్చలతో ఉంటుంది. ఆడ, మగ పక్షులు రెండూ వంతులవారీగా సుమారు 50 రోజులు పొదుగుతాయి. ఒకటి పొదుగుతుండగా మరొకటి ఆహారానికి వెళుతుంది. గూటిని వదిలితే గుడ్డు చల్లబడడమో, కాకుల వంటి పక్షుల పాలు కావడమో జరుగుతుంది. కనుక ఈ ఏడు వారాల కాలంలో ఇద్దరు తల్లిదండ్రులూ సజీవంగా, ఆరోగ్యంగా ఉండడం తప్పనిసరి.

5.3. పిల్ల పెంపకం

పుట్టిన పిల్ల మెత్తని లేతవన్నె నూగుతో కప్పబడి ఉంటుంది. తల్లిదండ్రులు మాంసాన్ని కాళ్లతో మోసుకురావు. గద్దకున్నట్లు పట్టు బిగించే గోళ్లు రాబందుకు లేవు. తిన్న ఆహారాన్ని గొంతు దిగువనున్న అన్నాశయంలో నిలవ చేసుకుని వచ్చి, గూటిలో కక్కి పిల్లకు అందిస్తాయి. తొలి వారాల్లో ఒక పక్షి ఎప్పుడూ పిల్లకు నీడగా ఉంటుంది. పిల్ల పెరిగి ఆకలి హెచ్చిన తరువాత రెండూ ఆహారం కోసం బయలుదేరవలసి వస్తుంది.

మాంసంలో సున్నపు ధాతువు చాలా తక్కువ. పెరుగుతున్న పిల్ల ఎముకలకు అది అత్యవసరం. అందువల్ల పెద్దపక్షులు చిన్న ఎముక ముక్కలను కూడా ఏరి తెస్తాయి. 1970ల్లో దక్షిణాఫ్రికాలో కేప్ రాబందు పిల్లల రెక్క ఎముకలు వంకరపోవడం, విరగడం గమనించిన పరిశోధకులు దాని కారణాన్ని అన్వేషించారు. పశువుల పెంపకం జరిగే ప్రాంతాల్లో దుమ్ములగొండ్లను నిర్మూలించడంతో పెద్ద ఎముకలను కొరికి ముక్కలు చేసే జంతువు లేకుండాపోయింది. రాబందులకు మింగదగిన ఎముక ముక్కలు దొరకలేదు. నలగగొట్టిన ఎముకలను ఆహారస్థలాల్లో ఉంచిన తరువాత పరిస్థితి మెరుగుపడింది. తెలుగులో ‘దుమ్ము’ అంటే ఎముక. ‘దుమ్ములగొండి’ అనే పేరులోనే ఆ జంతువుకూ ఎముకలకూ ఉన్న సంబంధం నిక్షిప్తమై ఉంది. చరియపై పెరిగే పిల్లకూ నేలపై తిరిగే దుమ్ములగొండికీ నడుమ ఇటువంటి కనిపించని బంధం ఉంటుంది.

పిల్ల ఎగరడానికి సుమారు మూడు నాలుగు నెలలు పడుతుంది. ఆ తరువాత కూడా కొన్ని నెలలు తల్లిదండ్రుల ఆహారంపై ఆధారపడుతుంది. పిల్ల ఆకలి తీవ్రమయ్యే కాలం ఫిబ్రవరి నుండి ఏప్రిల్ వరకు. అప్పటికి అడవిలో ఆకు రాలి నేల కనిపిస్తుంది. ఎండ వల్ల గాలి కెరటాలు బలపడతాయి. మేత, నీరు తగ్గి జంతువుల మరణాలు పెరుగుతాయి. మరొక ప్రాణికి కష్టకాలమైన వేసవి రాబందుకు పెంపకపు కాలం. తొలకరి ముందే పిల్ల రెక్కలు సిద్ధం కావాలి. ఆ లెక్కలోనే చలికాలంలో గుడ్డు పెట్టడం స్థిరపడింది.

సంపాతి కథను ఇక్కడ గుర్తుచేసుకోవచ్చు. రెక్కలు లేని ముదుసలి తండ్రికి కుమారుడు సుపార్శ్వుడు రోజూ ఆహారం తెచ్చి పెట్టేవాడని రామాయణం చెబుతుంది. ప్రకృతిలో ఆహారం ఎప్పుడూ పెద్దల నుండి పిల్లలకే చేరుతుంది. కవి దానిని తారుమారు చేసి పుత్రధర్మాన్ని నిలిపాడు. అయితే కొండమీది నివాసం, దూరదృష్టి, ఆహారాన్ని మోసుకొచ్చి అందించడం అనే మూడు అంశాలు మాత్రం పక్షి జీవితం నుండి గ్రహించినవే.

6. ఇతర గృధ్రజాతులతో పోలిక

దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతాల కాండర్ రెండేళ్లకు ఒక గుడ్డు పెట్టి, సుమారు 54 నుండి 58 రోజులు పొదుగుతుంది. హిమాలయ రాబందు ఎత్తైన చరియలపై ఏడాదికి ఒక గుడ్డు పెడుతుంది. గడ్డపు రాబందు సాధారణంగా రెండు గుడ్లు పెట్టినా, పెద్దపిల్ల చిన్నదానిని బతకనివ్వదు. చివరకు మిగిలేది ఒక్కటే. వీటికి భిన్నంగా తెల్ల రాబందు సాధారణంగా రెండు గుడ్లు పెట్టి సుమారు 42 రోజులు పొదుగుతుంది.

ఈ పోలిక వల్ల తేలేది ఒకటి. దేహం పెద్దదయ్యేకొద్దీ, ఆహారం ఎక్కడ ఎప్పుడు దొరుకుతుందో తెలియని జీవితం గడిపేకొద్దీ, సంతానం తగ్గి పెంపకకాలం పెరుగుతుంది. తక్కువ మందిని కని ఎక్కువకాలం సాకడం, తాము దీర్ఘకాలం జీవించడం పెద్ద రాబందుల జీవనసూత్రం.

7. మందగతి లెక్క

ఈ సూత్రంలోని బలాన్ని, బలహీనతను ఒక ఊహాగణితం ద్వారా చూడవచ్చు. ఒక ప్రాంతంలో 100 జతలు, అంటే 200 పెద్దపక్షులు ఉన్నాయనుకొందాం. ఏటా సగం జతల పిల్లలు ఎగిరే దశకు వచ్చాయనుకొంటే 50 పిల్లలు. వాటిలో సగం ఐదేళ్లు బతికాయనుకొంటే ఏటా 25 కొత్త పక్షులు గూళ్ల గుంపులో చేరతాయి. పెద్దపక్షులలో ఏటా నూటికి ఐదు మరణిస్తే నష్టం 10. గుంపు పెరుగుతుంది. మరణాలు నూటికి ఇరవైకి చేరితే నష్టం 40. చేరిక మాత్రం 25 దాటదు. గుంపు ఏటేటా క్షీణిస్తుంది. ఈ లెక్కన పెద్దపక్షుల మరణాలను పిల్లలు పూడ్చలేవు.

1990లలో భారత ఉపఖండంలో జరిగింది ఇదే. రాజస్థాన్‌లోని భరత్‌పూర్ కేవలాదేవ్ ఉద్యానంలో రాబందుల తరుగుదలను బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన విభు ప్రకాశ్ నమోదు చేశారు. 1992 – 2007 మధ్య తెల్లవీపు రాబందులు 99 శాతానికి పైగా, పొడవుముక్కు, సన్నముక్కు రాబందులు కలిపి సుమారు 97 శాతం తగ్గినట్లు సర్వేలు తేల్చాయి. 2004లో లిండ్సే ఓక్స్ బృందం పాకిస్తాన్‌లో జరిపిన పరిశోధన కారణాన్ని వెల్లడించింది. పశువుల నొప్పికి, వాపుకు వాడే డైక్లోఫెనాక్ మందు కళేబరం ద్వారా రాబందు దేహంలో చేరితే మూత్రపిండాలు దెబ్బతింటాయి. యూరిక్ ఆమ్లం లోపలి అవయవాలపై తెల్లని పొడివలె పేరుకుంటుంది. కొద్దిరోజుల్లోనే పక్షి చనిపోతుంది. నూటికి ఒకటి కన్నా తక్కువ కళేబరాలలో ఈ మందు ఉన్నా అంతటి పతనానికి చాలునని గణనలు చూపాయి. ఒక కళేబరంపై పదుల సంఖ్యలో రాబందులు కలిసి తినడం దీనికి కారణం.

ప్రత్యుత్పత్తి దృష్టితో చూస్తే నష్టం ఇంకా పెద్దది. పొదిగే కాలంలో జంటలో ఒకటి మరణిస్తే మిగిలినది ఒంటరిగా గూటిని కాచి, ఆహారాన్ని కూడా తేలేదు. పెద్దపక్షితోపాటు ఆ ఏటి సంతానమూ పోతుంది. మరో జత కట్టే దాకా ఆ గూడు ఖాళీయే.

భారత ప్రభుత్వం 2006లో పశువైద్యంలో డైక్లోఫెనాక్‌ను నిషేధించింది. మనుషుల కోసం తయారయ్యే పెద్ద సీసాలు పశువులకు మళ్లుతుండటంతో 2015లో వాటిని ఒక మోతాదు పరిమాణానికి కుదించింది. 2023లో కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్‌లను కూడా పశువైద్యంలో నిషేధించింది. మెలాక్సికామ్ రాబందులకు సురక్షితమైన ప్రత్యామ్నాయమని రుజువైంది. హర్యానాలోని పింజోర్ తదితర చోట్ల సంరక్షణ కేంద్రాలలో రాబందులను పెంచుతున్నారు. హైదరాబాదు నెహ్రూ జంతు ప్రదర్శనశాలలోనూ తెల్లవీపు రాబందుల పెంపక కేంద్రం ఏర్పడింది. మొదటి గుడ్డును తీసి యంత్రంలో పొదిగిస్తే జత మరొక గుడ్డు పెట్టే అవకాశం ఉండటం ఈ కేంద్రాలకు ఉపకరించింది. అయినా పంజరంలో పుట్టిన పక్షిని వదలడానికి వెలుపలి ఆహారం విషరహితం కావాలి. గూటి సమస్యకు పరిష్కారం పశువుల మందుల దుకాణంలో మొదలవుతుంది.

8. కడప గండ్లు

కడప జిల్లా స్థలనామాలలో ‘గండి’ శబ్దానికి ప్రత్యేక స్థానం ఉంది. జమ్మలమడుగు సమీపంలో ఎర్రమల కొండలను కోసుకుని పెన్నానది పారే లోయ ఒడ్డున గండికోట వెలసింది. వేంపల్లెకు చేరువలో పాపాఘ్ని నది కొండను చీల్చుకువచ్చే చోట గండి ఆంజనేయస్వామి క్షేత్రం ఉంది. నది, చరియ, రాతి అరుగు, ఎండకు వేడెక్కే మైదానం అనే నాలుగూ వేముల, పులివెందుల, జమ్మలమడుగు సీమకు కొత్తవి కావు. గొర్రెలు, మేకలు, పశువుల పెంపకం ఈ సీమ జీవనాధారాలలో ఒకటి. పాలరాపు గుట్ట నేర్పే పాఠం ప్రకారం చరియ ఒక్కటే చాలదు. కళేబరం దొరకాలి, దొరికిన కళేబరంలో విషం ఉండకూడదు. కనుక ఇక్కడి కాపరి పశువుకు ఏ సూది వేయిస్తున్నాడన్నది చరియపై గూటి భవిష్యత్తును నిర్ణయించే ప్రశ్న.

ఈ జిల్లాకే మరొక అనుభవమూ ఉంది. అంతరించిందనుకున్న కలివికోడి 1986లో సిద్ధవటం ప్రాంతపు పొదల్లో తిరిగి కనిపించింది. శాస్త్రజ్ఞులకు అది జెర్డన్ పేరుతో ఉన్న పక్షి. స్థానికులకు కలివి పొదల్లో తిరిగే కోడి. ఆ పునరన్వేషణకు స్థానికుల పరిజ్ఞానం తోడ్పడింది. రాబందు వాలిన బండలు, రెట్టల చారలున్న చరియలు, పశువులను పారవేసిన దిబ్బలు ఎక్కడుండేవో చెప్పగలిగిన కాపరులు, కళేబరాల తోలు తీసే వృత్తివారు ఇంకా ఉన్నారు. వారి మాటలను, వారు వాడే పక్షినామాలను సేకరించడం జానపద విజ్ఞాన పరిశోధకులు చేయదగిన పని. జీవశాస్త్ర శాఖలతో కలిసి చేస్తే దాని ప్రయోజనం రెట్టింపవుతుంది.

9. ముగింపు

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి. పొడవుముక్కు రాబందు చరియను ఎంచుకోవడం వెనుక ఎగరడంలో ఆదా, రక్షణ, సమూహజీవనం అనే కారణాలున్నాయి. ఏడాదికి ఒకే గుడ్డు, సుమారు 50 రోజుల పొదుగుదల, మూడు నాలుగు నెలల పెంపకం, ఐదేళ్లకు యుక్తవయసు అనే క్రమం పెద్దపక్షులు దీర్ఘకాలం బతికినప్పుడే నిలుస్తుంది. కాబట్టి గూళ్ల రక్షణ ఎంత అవసరమో, పెద్దపక్షుల ఆహారం విషరహితంగా ఉంచడం అంతకంటే ఎక్కువ అవసరం. ‘రాబందు’ను తిట్టుగా వాడే భాష మీద కూడా అధ్యాపకులు తరగతిలో చర్చ జరపాలి. జటాయువు పాఠం చెప్పే రోజున, ఆ వంశానికి చెందిన పక్షి ఏడాదంతా ఒక్క పిల్ల కోసం చరియపై కాపలా కాస్తుందన్న సంగతి కూడా విద్యార్థికి చెప్పగలిగితే పాఠం సంపూర్ణమవుతుంది.